గీత కొట్టిన గడులు

మా ఆయన సిగరెట్టును టీ కప్పులో ఆర్పుతారు. ఇంట్లో యాష్‌ట్రేలు లేక కాదు, మూడున్నాయి. ఒకటి మా పెళ్లికి ఆయన స్నేహితులు ఇచ్చింది, ఒకటి గాజుది, ఒకటి మూత ఉన్నది. మూడూ తళతళలాడుతుంటాయి, ఎందుకంటే వాటిని తుడిచే మనిషి ఉంది గానీ వాడే మనిషి లేడు. పొద్దున్నే గిన్నెలు కడిగేటప్పుడు కప్పు అడుగున టీలో నాని ఉబ్బిపోయిన పీకను వేలితో తవ్వి తీయడం నా రోజులో మొదటి పని. ఇరవై రెండేళ్ల కిందట, కాపురానికి వచ్చిన కొత్తలో, ఒక్కసారి అడిగాను. "కప్పే కదా, కడిగితే పోతుంది" అన్నారు. కడిగేది ఎవరో ఆ మాటలో లేదు. మా ఇంట్లో పనులన్నీ అలాగే జరుగుతాయి. బట్టలు ఉతికితే తెల్లబడతాయి, గదులు ఊడిస్తే శుభ్రపడతాయి, కూర వండితే ఉడుకుతుంది. చేసే మనిషి మాత్రం ఎక్కడా కనిపించదు.

ఆయనకు దుమ్ము పడదు. ఈ సంగతి ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ మా అత్తగారు చెబుతారు. "మావాడు చిన్నప్పట్నుంచీ సున్నితం. కాస్త దుమ్ము తగిలినా తట్టుకోలేడు." అందుకని కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఆ మూసిన గదిలో కూర్చుని ఈ సున్నితమైన మనిషి రోజుకు పాతిక సిగరెట్లు కాలుస్తారు. పొగ కర్టెన్లకు పట్టింది, దిండు గలీబులకు పట్టింది, నా జడకు పట్టింది. గోడ మీద ఫోటో ఏదైనా తీస్తే దాని వెనక తెల్లటి చదరం బయటపడుతుంది, చుట్టూ అంతా పాత కాగితం రంగు. గోడలకు మూడేళ్లకోసారి సున్నం కొట్టించారు. నా లోపలి గోడల సంగతి ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

ఆయన దగ్గు మా ఇంటికి పెద్దమనిషి. అది వచ్చిందంటే ఎవరి పని వాళ్లు వదిలేసి లేచి నిలబడాలి. వేణ్నీళ్లు నేను తేవాలి, మాత్రలు వారాల డబ్బాలో నేను సర్దాలి, మందు పీల్చే మిషను గొట్టాలు రోజూ విప్పి కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, మళ్లీ బిగించాలి. అదే నేను రెండు చేతులా సంచులతో మూడో అంతస్తుకు ఎక్కుతూ రెండో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుంటే దాన్ని ఎవరూ ఆయాసం అనరు. "ఒళ్లు చేశావు" అంటారు మా ఆయన. "నీ వయసులో నేను రెండేసి బకెట్లు మోసేదాన్ని" అంటారు అత్తగారు. ఒకసారి మా ఆడపడుచు అందరి ముందూ, "అన్నయ్యకు దగ్గొస్తే నీకు ఆయాసం రావాలా వదినా, ఏమన్నా పోటీయా?" అంది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్ల నవ్వును ఎప్పుడో మర్చిపోయాను, నా నవ్వును మాత్రం క్షమించలేకపోతున్నాను.

ఇందులో విడ్డూరం ఏమిటంటే నా ఉద్యోగమే ఊపిరి కొలవడం. పద్ధెనిమిదేళ్లుగా ఆసుపత్రిలో, ఛాతీ విభాగంలో టెక్నీషియన్‌ని. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోటికిచ్చి, "గుండెల నిండా పీల్చండి, ఇప్పుడు ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా, ఆపకండి" అని అరుస్తాను. నా గొంతు వరండా చివర మందుల కొట్టు దాకా వినిపిస్తుందట. ఆ గొంతు మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు దాన్నీ విడిచి లోపలికి వెళ్లేదాన్ని.

ఊదించే ముందు ఒక కాగితం నింపాలి. వయసు, ఎత్తు, బరువు. వాటి కింద నాలుగు గడులు. పొగ తాగుతారా, రోజుకు ఎన్ని, ఎన్నేళ్ల నుంచి, మానేస్తే ఏ తేదీన మానేశారు. మగవాళ్లు ఆ నాలుగో గడి దగ్గరకు వచ్చేసరికి ఒక్కసారిగా మహాత్ములైపోతారు. చొక్కా జేబులోంచి పాకెట్టు అంచు తొంగిచూస్తూనే ఉంటుంది. "మానేశానమ్మా, పోయిన సోమవారం నుంచి" అంటారు గొంతు తగ్గించి, త్యాగం చేసినట్టు. పక్కన నిలబడ్డ భార్య సీలింగు ఫ్యాను వంక చూస్తుంది. నేను పోయిన సోమవారం తేదీ వేస్తాను. అబద్ధమని నాకు తెలుసు, ఫ్యానును చూసే ఆవిడకూ తెలుసు. అయినా అది మగవాడి మాట కాబట్టి కంప్యూటర్లోకి ఎక్కుతుంది.

ఆడవాళ్లకు ఆ గడులు నింపం. నేను చేరిన వారంలోనే అప్పటి పెద్ద డాక్టరు చెప్పారు: "ఆడవాళ్లను అవన్నీ అడక్కమ్మా, బాగుండదు. టైము దండగ కూడాను. అడ్డంగా గీత కొట్టేయ్." నాలుగు గడుల మీదుగా ఒకే గీత. గీత కొట్టిన కాగితానికి కంప్యూటర్లో 'పొగ: వర్తించదు' అని పడుతుంది. ఆ డాక్టరు రిటైరయ్యారు, గీత మాత్రం రిటైరవలేదు. నేను చెయ్యి తిప్పినంత తేలిగ్గా, తల కూడా ఎత్తకుండా, పద్ధెనిమిదేళ్ల పాటు ఎదురుగా కూర్చుని రొప్పుతున్న ఆడవాళ్లందరి మీదా ఆ గీత కొట్టాను. నేను గట్టిదాన్ని, నాకు చదువుంది అని లోలోపల మిడిసిపడుతూ కొట్టాను.

రెండేళ్ల కిందట మా విభాగానికి ఒక కొత్త డాక్టరు వచ్చారు. మనిషిని చూడకుండా ముందు గ్రాఫును చూస్తారు కాబట్టి మా నర్సక్క ఆయనకు గ్రాఫుల డాక్టరు అని పేరు పెట్టింది. ఆయనది ఒక పెద్ద పరిశోధన. ఇద్దరు మనుషులు ఒకే లెక్కన సిగరెట్లు కాలిస్తే ఒకడి ఊపిరితిత్తులు చిల్లులు పడతాయి, ఇంకొకడివి నిలబడతాయి, ఆ తేడా పుట్టుకతో వచ్చిన జన్యువుల్లో ఉందా, రక్తనాళాల్లో ఉందా, రెంటిలోనూ ఉందా అన్నది ఆయన ప్రశ్న. జన్యువుల కోసం రక్తం తీసి వేరే ల్యాబుకు పంపుతాం. రక్తనాళాల పరీక్ష నేనే చేస్తాను. ముంజేతికి పట్టీ బిగించి ఐదు నిమిషాలు రక్తం ఆపి, ఒక్కసారిగా వదులుతాం. ఆగిన రక్తం ఉరికి వస్తుంటే మంచి రక్తనాళం దారి ఇస్తూ విచ్చుకుంటుంది. లోపలి పొర దెబ్బతిన్నది విచ్చుకోదు, బిర్రుగా అలాగే ఉండిపోతుంది. ఎంత విచ్చుకుందో స్కానులో కొలుస్తాం. ఎదుటివాళ్లు వస్తుంటే కాస్త పక్కకు జరగాలన్న మర్యాద ఒంట్లో రక్తనాళానికి ఉంది. మా ఇంటి మెట్ల మీద ఎవరికీ లేదు.

మా ఆయన రోగుల జాబితాలో తొమ్మిదో మనిషిగా చేరారు. నేనే చేర్పించాను. రోగులతో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతులు కూడా కావాలి, వాళ్లు సరిపడా దొరకలేదు. ఒకరోజు గ్రాఫుల డాక్టరు నా వంక మొదటిసారి సరిగ్గా చూశారు. "మీరు కాల్చరు కదా. ఆడవాళ్లు, పైగా మా స్టాఫ్. కూర్చోండి, మిమ్మల్ని ఆరోగ్యవంతుల్లో వేసేద్దాం" అన్నారు. అడగను కూడా అడగలేదు, వేసేద్దాం అన్నారు. నా కాగితం నేనే నింపుకున్నాను. నా గడుల మీద నేనే గీత కొట్టుకున్నాను. నర్సక్క నా రక్తం తీసింది, జూనియర్ డాక్టరమ్మ నా చేతికి పట్టీ బిగించింది.

నేను ఊదిన గాలి నా వయసుకు ఉండాల్సిన దాంట్లో సగం వచ్చింది. చేతి రక్తనాళం విచ్చుకోలేదు. స్కాను తెరమీద ఐదు నిమిషాల ముందు ఎలా ఉందో తర్వాతా అలాగే ఉంది. గ్రాఫుల డాక్టరు చిరాకుపడ్డారు. "ఆడవాళ్లతో ఇదే గొడవ. గట్టిగా ఊదరు" అన్నారు. పద్ధెనిమిదేళ్లుగా మనుషులకు ఊదడం నేర్పిస్తున్న నాతో అన్నారు. రక్తనాళం సంగతి అడిగితే, "చెయ్యి కదిపుంటారు" అన్నారు. మళ్లీ చేస్తే మళ్లీ అంతే వచ్చింది. "ఆరోగ్యవంతుల్లో ఇలాంటి అంకె ఉండకూడదు. మొత్తం పట్టిక పాడవుతుంది, తీసేయండి" అన్నారు జూనియర్ డాక్టరమ్మతో. అంకె బాగాలేదు కాబట్టి అంకెను తీసేశారు. నేను మాత్రం అక్కడే, తర్వాతి రోగికి క్లిప్పు తుడుస్తూ నిలబడ్డాను. నిజంగానే గట్టిగా ఊదలేదేమో, చెయ్యి కదిపానేమో అనుకున్నాను కూడా. ఇరవై రెండేళ్ల తర్ఫీదు ఊరికే పోతుందా.

ఇక్కడ మా ఆయన మాత్రం ఆ పరిశోధన మీద ఎక్కడలేని భక్తి పెంచుకున్నారు. రిపోర్టు రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు. ఆ మూడు నెలలూ మా ఇల్లు జన్యుశాస్త్ర కళాశాల అయిపోయింది. "ఇది సిగరెట్ల వల్ల కాదే, జీన్స్. సైన్సు చెబుతోంది. రిపోర్టు రానీ, చూద్దువుగాని. ఇన్నేళ్లూ నా సిగరెట్లను ఆడిపోసుకున్నావు కదా" అనేవారు, పొగ వదులుతూ. నేను ఆడిపోసుకున్నది ఒక్కసారి, అదీ కప్పు గురించి. మా అత్తగారిది ఇంకో వింత. పెళ్లయిన నాటి నుంచీ "మా రక్తంలో మచ్చన్నది లేదు, మా ఇంట్లో ఎనభై ఏళ్లకు తక్కువ ఎవరూ పోలేదు" అని చెప్పిన మనిషి, కొడుకు నోట జీన్స్ అన్న మాట వినగానే మాట తిప్పేశారు. "అవున్రా, మీ తాతగారికీ దగ్గుండేది. వంశంలోనే ఉంది" అన్నారు, ఆస్తిపాస్తుల గురించి చెప్పినంత గర్వంగా. ఫోనులో చుట్టాలందరికీ చెప్పారు. ఆడపడుచు అన్నగారి కోసం కన్నీళ్లు పెట్టుకుంది. పాపం, ఆయన చేతిలో ఏముంది, పుట్టుకతో వచ్చింది అని అందరూ తలలూపారు. వాళ్లు తలలూపుతుంటే నేను టీ కప్పులు తీశాను.

ఆ రోజుల్లోనే మా అమ్మ తరచుగా గుర్తుకు రావడం మొదలైంది. మా అమ్మ కూరగాయలు స్టూలు మీద కూర్చుని తరిగేది, బట్టలు స్టూలు మీద కూర్చుని మడత పెట్టేది, మెట్లు ఎక్కుతూ సగంలో కూర్చునేది. మా నాయనమ్మ ఆవిడకు కుర్చీ మహారాణి అని పేరు పెట్టింది. ఇంట్లో అందరూ అదే పేరుతో పిలిచేవారు. "పని పేరు చెబితే చాలు, దీనికి ఆయాసం తన్నుకొస్తుంది" అనేవారు మా నాన్న. నాకు పదిహేనేళ్లప్పుడు బడి నుంచి వస్తుంటే నా స్నేహితురాళ్ల ముందు అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి వెళ్లాక, "నేను నీలాగా మాత్రం అవనమ్మా" అన్నాను. ఆవిడకు కోపం రాలేదు. ఊపిరి అందుకోవడానికి కాసేపు ఆగి, "అవకు తల్లీ" అంది. యాభై ఒకటో ఏట పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ అడగలేదు. కదలక మెదలక ఉంటే గుండె ఆగిపోదా అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ పరీక్షగది ఖాళీగా ఉంటే నర్సక్క తలుపు గడియ పెట్టింది. నా కంటే పదేళ్లు పెద్దది, మాటకు మొహమాటం లేదు. "కూర్చోవే. ఇవాళ నేను అరుస్తా, నువ్వు ఊదు. కదిపానో లేదో అన్న నీ అనుమానం కూడా తీరిపోద్ది" అంది. నా చేతిని దిండు మీద పెట్టి బట్టతో కట్టేసింది. తర్వాత నా చెవి పక్కన, "ఊదు, ఊదు, ఇంకా, మీ ఇంట్లోవాళ్లందర్నీ తల్చుకుని ఊదు" అని అరిచింది. ప్రాణం పెట్టి ఊదాను. మూడుసార్లు ఊదాను. కళ్లముందు చుక్కలు కనిపించాయి. మూడుసార్లూ అదే సగం. చేతి రక్తనాళం కూడా కట్టేసిన చేతిలో కట్టేసినట్టే ఉంది. నర్సక్క మూడు కాగితాలూ ఒకదాని పక్కన ఒకటి పరిచింది. "మీ ఇంట్లో ఎవరు కాలుస్తారు?" అని అడిగింది. పద్ధెనిమిదేళ్లలో ఆ గదిలో ఒక ఆడమనిషిని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఏడుపొచ్చింది. ఏడిస్తే కూడా ఆయాసమే వస్తుంది కాబట్టి ఆపుకున్నాను.

పట్టికలోంచి నా అంకెలు తీసేశారు గానీ, నా రక్తం అప్పటికే ల్యాబుకు వెళ్లిపోయింది. అక్కడివాళ్లకు నేను ఆరోగ్యవంతురాలినా కాదా అన్న పట్టింపు లేదు. మిగతా సీసాలతోపాటు నాదీ పరీక్ష చేసి పంపారు. ఒక శనివారం గ్రాఫుల డాక్టరు నన్ను తన గదికి పిలిచి, కుర్చీ చూపించారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. "ఆరోగ్యవంతుల్లో పదకొండో నంబరు మీరే కదా! చాలా ఇంట్రెస్టింగ్!" అన్నారు. మొహం వెలిగిపోతోంది. ఊపిరితిత్తుల్ని కాపాడే ఒక ప్రోటీన్ ఉంటుందట, కాలేయం తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. దాన్ని తయారుచేసే జన్యువుకు రెండు ప్రతులు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. నాకు వచ్చిన రెండూ లోపం ఉన్నవే. నా రక్తంలో ఆ ప్రోటీన్ ఉండీ లేనట్టు ఉంది. అది లేని ఊపిరితిత్తులకు పొగ తగిలితే గాలి గదుల గోడలు తొందరగా కరిగిపోతాయి, వాటిని అల్లుకున్న సన్నటి రక్తనాళాలూ చెడతాయని డాక్టరుగారి అనుమానం. "పొగ తగిలితే కదా అలా అవ్వాలి. మీరు ఒక్క సిగరెట్టు కూడా కాల్చకుండా ఈ స్థితికి ఎలా వచ్చారు? అదే పెద్ద ప్రశ్న. దీని మీద ప్రత్యేకంగా ఒక పేపరే రాయొచ్చు" అన్నారు.

నేను ఆయన బల్ల మీదున్న రెండు జాబితాలూ దగ్గరకు లాక్కున్నాను. ఆ జాబితాలు తయారుచేసింది నేనే. రోగుల్లో తొమ్మిదో వరస మీద ఒక వేలు, ఆరోగ్యవంతుల్లో కొట్టేసిన పదకొండో వరస మీద ఇంకో వేలు పెట్టాను. "అడ్రసు చూడండి సార్" అన్నాను. ఆయన చూశారు. ఒకే వీధి, ఒకే ఇంటి నంబరు, మూడో అంతస్తు. మూడు నెలలుగా రెండు కాగితాలూ ఆయన బల్ల మీదే ఉన్నాయి. భార్యాభర్తలు ఒకే గదిలో గాలి పీలుస్తారన్న సంగతి అంత చదువుకున్న మనిషికి తట్టలేదు. నర్సక్క అడిగేదాకా, ఆ గడులు నింపించని నాకూ తట్టలేదు, అది నా సిగ్గు. "ఓ!" అన్నారు. కాగితం ఒకసారి తిప్పి చూసి, "ఇది మన ఫారంలో లేదు కదా" అన్నారు. ఆ 'మన'లో నన్ను కలుపుకోవడం కూడా అదే మొదలు. చికిత్స ఏముందని అడిగాను. పోయింది తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలి, అన్నిటికన్నా ముందు పొగకు దూరంగా ఉండాలి అన్నారు. "లేకపోతే?" అన్నాను. ఆయన అలవాటు చొప్పున గ్రాఫు వంక చూశారు. గీత కిందికి దిగుతూ ఎక్కడ ఆగుతుందో నాకూ చదవడం వచ్చు. మా అమ్మ వయసు దగ్గర ఆగుతుంది. నాకు ఇప్పుడు నలభై ఆరు.

మర్నాడు ఆదివారం. మా ఆయన తనకొచ్చిన రిపోర్టు కవరు తెరిపించడానికి చెల్లెల్ని కూడా పిలిపించుకున్నారు. అందరూ ముందుగదిలో కూర్చున్నారు, కిటికీలు మూసి. సాయంత్రం అయిదున్నర అయింది. నేను టీ పెట్టి తెచ్చాను. "నీకైతే ఆ భాష వచ్చు. అమ్మక్కూడా అర్థమయ్యేలా చదువు" అన్నారు ఆయన, కాలు మీద కాలు వేసుకుని. కవరు చింపాను.

"జన్యువు రెండు ప్రతులూ బాగున్నాయి. లోపం ఏమీ లేదు. ప్రోటీన్ నిండుగా ఉంది" అని చదివాను.

"అంటే?" అన్నారు అత్తగారు.

"అంటే మీ రక్తంలో మచ్చ లేదు అత్తయ్యా. మీరు మొదట్నుంచీ చెప్పిందే నిజం."

"మరి వీడి దగ్గో?"

"అది ఆయన స్వార్జితం" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచను. మా ఆయన కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశారు. ల్యాబు తప్పయ్యుంటుంది అన్నారు. సీసాలు మారిపోయుంటాయి అంది ఆడపడుచు. అప్పుడు నా రిపోర్టు కూడా తీసి చదివాను. ఏం లోపమో, ఎంత మిగిలిందో, ఏం చేయకూడదో, అంతా. ఊపిరి సరిపోక మధ్యలో రెండుసార్లు ఆగాను. ఇప్పుడు ఎవరో ఒకరు ఒక్క మాట అంటారేమో అని, సిగ్గులేకుండా, ఎదురుచూశాను.

"అంటే రోగం దాచిపెట్టి అంటగట్టారన్నమాట మీవాళ్లు" అన్నారు అత్తగారు.

మా ఆయన మొహంలోకి మాత్రం రంగు తిరిగొచ్చింది. "చూశావా, నీది జీన్స్! మీ అమ్మానాన్నల దగ్గర్నుంచి వచ్చింది. మరి నా పొగ వల్ల అని ఎలా అంటావు?" అన్నారు. నేను అనలేదు. కాగితం అంది. తనకు దొరకని సాకును నా రక్తంలో వెతుక్కుని, దాని మీద దర్జాగా చేరబడ్డారు ఆ మనిషి. చేరబడగానే చెయ్యి తిన్నగా జేబులోకి వెళ్లింది, సిగరెట్టు వెలిగింది. కావాలని కాదు. నా ఊపిరితిత్తుల్లో సగం పోయాయన్న కబురు విన్న రెండో నిమిషంలో, నా ఎదురుగా, అలవాటుగా వెలిగించుకున్నారు. కోపంతో చేసినా ఇంత రోత పుట్టేది కాదు.

"కిటికీ తెరవండి" అన్నాను.

"దుమ్మొస్తుందే" అన్నారు.

నేను లోపలికి వెళ్లి పెట్టె దించాను. పెద్దగా సర్దడానికి లేదు. ఉతికిన బట్టలు కూడా పొగ వాసనే, కాబట్టి తక్కువే తీసుకున్నాను. అమ్మ ఫోటో గోడ మీంచి తీస్తే వెనక తెల్లటి చదరం బయటపడింది. నర్సక్క ఇంటి వెనక ఒక గది ఖాళీగా ఉందని, రెండు పక్కలా కిటికీలున్నాయని, ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర్లేదని నెలరోజులుగా చెబుతోంది. వేరే ఊళ్లో హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి గదిలోంచే ఫోను చేసి అంతా చెప్పాను. "మరి నాకమ్మా?" అంది భయంగా. "నా నుంచి పాడైంది ఒకటి వచ్చింది, మీ నాన్న నుంచి మంచిది ఒకటి వచ్చింది. ఆ ఒక్కటీ నిన్ను కాపాడుతుంది, నువ్వు మాత్రం పొగ జోలికి పోకు" అన్నాను. ఆయన ఇరవై రెండేళ్లలో మాకు ఇచ్చిన పనికొచ్చే వస్తువు అదొక్కటే, అదీ ఆయనకు తెలియకుండా ఇచ్చారు.

పెట్టెతో బయటికి వస్తే ముగ్గురూ గుడ్లప్పగించి చూశారు. ఆడపడుచు, "ఇంత చిన్న విషయానికా వదినా!" అంది. అత్తగారు, మగాడన్నాక ఏదో ఒక అలవాటు ఉండదా అన్నారు. మా ఆయన లేచి నిలబడ్డారు. ఉండమని అడుగుతారేమో అనుకున్నాను. ఆయన మందు పీల్చే మిషను వంక చూపించి, "మరి అది రోజూ ఎవరు కడుగుతారు?" అన్నారు.

"కడిగితే పోతుందండీ" అన్నాను.

మెట్లు దిగడానికి ఆయాసం రాదు. రెండో అంతస్తు మలుపులో మాత్రం అలవాటుగా ఆగాను. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను, మా అమ్మలాగా, ఎవరైనా చూస్తారన్న సిగ్గు లేకుండా. అమ్మా, నువ్వు పనిదొంగవి కావు అని పైకే అన్నాను. ముప్పై ఏళ్లు ఆలస్యంగా అన్నాను. పై నుంచి ఎవరూ దిగి రాలేదు. లేచి వీధిలోకి నడిచాను.

సోమవారం పొద్దున మొదటి పరీక్ష ఒక ఆడమనిషికి. నలభై ఏళ్లుంటాయి, చెప్పులు విడవడానికి వంగి లేచేసరికే రొప్పుతోంది. పక్కన మొగుడు, చొక్కా జేబులో పాకెట్టు. వయసు రాశాను, ఎత్తు రాశాను, బరువు రాశాను. కలం దానంతటదే గడుల మీదికి గీతలా జారబోయింది. ఆపాను. "మీ ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారామ్మా?" అని అడిగాను, వరండా చివరిదాకా వినిపించే గొంతుతో. ఆవిడ మొగుడి వంక చూసింది. ఈసారి అతను సీలింగు ఫ్యాను వంక చూశాడు. "రోజుకు ఎన్ని?" అన్నాను. చెప్పేదాకా కలం ఎత్తలేదు.

మధ్యాహ్నం నా వంతు. ఆరోగ్యవంతురాలిగా కాదు, రోగిగా కొత్త కాగితం. రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని ముక్కుకు క్లిప్పు పెట్టుకోబోతుంటే నర్సక్క కలం తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"పొగ తాగుతారా?" అంది, రోగులతో మాట్లాడే గొంతుతో.

"తాగాను."

"రోజుకు ఎన్ని?"

"పాతిక."

"ఎన్నేళ్లు?"

"ఇరవై రెండు."

ఆవిడ మూడు గడులూ నింపి, నాలుగో దాని దగ్గర కలం ఆపి నా వంక చూసింది. "మానేశారా?"

"మానేశాను. నిన్న సాయంత్రం ఆరింటికి" అన్నాను. "తేదీ వెయ్యి అక్కా. ఈ గదిలో ఆ గడిలోకి ఎక్కుతున్న మొదటి నిజం తేదీ ఇదే."